తిరగని బండికి తిప్పలెక్కువ

పాత కారు అమ్మకానికి ఉందంటే మన కళ్లు ముందుగా వెతికేది ఒక్క అంకెనే. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? లక్ష దాటిందంటే మొహం చిట్లిస్తాం. నలభై వేలే అంటే కుర్చీ దగ్గరకు లాక్కుంటాం. అదే పాతికేళ్ల కిందటి కారై, రీడింగ్ ఇంకా ముప్ఫై వేలు దాటలేదంటే... 'అబ్బ! షెడ్డులోంచి బయటికే తీయలేదన్నమాట' అని పొంగిపోతాం. బేరం కూడా గట్టిగా ఆడం.

అదే మాట చేయి తిరిగిన మెకానిక్‌తో చెప్పి చూడండి. ఆయన పొంగిపోడు. బానెట్ ఎత్తమంటాడు. రబ్బరు గొట్టాల్ని రెండు వేళ్లతో నొక్కి చూస్తాడు. టైరు పక్కన గొంతుక్కూర్చుని దాని మీది అంకెలు చదువుతాడు. లేచి, చేతులు తుడుచుకుంటూ ఒక్క ప్రశ్న వేస్తాడు.

'ఎన్నేళ్లుగా నిలబెట్టేశారు సార్?'

తిరిగే కారు అరుగుతుంది. అది అందరికీ తెలుసు. నిలబడిన కారు ఎండుతుంది, తుప్పు పడుతుంది, చెమ్మ తాగుతుంది. అది మాత్రం బయటికి కనిపించదు. రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సీట్లు చెక్కుచెదరవు. లోపల ఒక్కో భాగానికీ వయసు మీద పడుతుంటుంది. ఈ తిప్పలు అన్నిటికంటే ఎక్కువగా పడేది స్పోర్ట్స్ కారు. ఎందుకంటే దాన్ని ఎవరూ కూరగాయలకు తీసుకెళ్లరు. ముద్దుగా ముసుగేసి దాచుకుంటారు.

'స్పోర్ట్స్ కార్ల గొడవ మనకెందుకండీ' అంటారా? న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి, 'నాన్నా, సెకండ్ హ్యాండ్‌లో ఓ చిన్న టాపులేని కారు చూశాను. ముప్ఫై ఏళ్ల బండి, కానీ అసలు తిరగలేదు' అని ఫోన్ చేసే రోజు రావచ్చు. ఆరోజు మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవే. ఆ ఫోన్ రాకపోయినా ఫర్వాలేదు. తాతగారి జ్ఞాపకంగా పెరటి షెడ్డులో నిలబడిపోయిన ఫియట్టుకీ, మారుతీ 800కీ కూడా ఈ సంగతుల్లో చాలావరకు వర్తిస్తాయి.

స్కూలు వ్యాను చుట్టమే!

మాటలు గాల్లో ఎందుకు, ఒక కారును ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం. మజ్దా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పిల్లల్ని బడికి తీసుకెళ్లిన స్వరాజ్ మజ్దా వ్యానే. ప్రపంచంలోని కార్ల ప్రియులకు మాత్రం మజ్దా అంటే ఎంఎక్స్-5. అమెరికాలో దాని పేరు మియాటా. జపాన్‌లో మొదట్లో యూనోస్ రోడ్‌స్టర్ అని అమ్మారు. రెండే సీట్లు. వెనక్కి మడిచేసుకునే గుడ్డ టాపు. బరువు టన్నులోపే.

తేలికగా, చవగ్గా ఉండే ఇలాంటి కారు ఒకటి చేయండని మజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోకు 1970ల్లో సలహా ఇచ్చింది ఎవరో కాదు, బాబ్ హాల్ అనే అమెరికా విలేకరి. ఆ మాట కారై జనం ముందుకొచ్చింది 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో. ఆ తర్వాత అంతా చరిత్రే. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా 2000 సంవత్సరంలో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలో కారు తయారైంది.

అందులో 1989 నుంచి 1997 దాకా వచ్చిన మొదటి తరం కార్లకు ఇప్పుడు పాతికేళ్లు పైబడ్డాయి. కొన్నిటికి ముప్ఫై అయిదు దాటాయి. వీటిని చాలామంది ఇంట్లో రెండో కారుగానో మూడో కారుగానో కొన్నారు. ఎండ కాసిన ఆదివారం టాపు దించుకుని ఓ రౌండు వేసి, మళ్లీ షెడ్డులో పెట్టేవారు. మంచు కురిసి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలోనైతే చలికాలమంతా బయటికే తీయరు. అందుకే వయసు ఎక్కువ, తిరుగుడు తక్కువ. మన పాఠానికి ఇంతకంటే మంచి కారు దొరకదు.

రెండు గడియారాలు

ఏ కారుకైనా రెండు గడియారాలుంటాయి. ఒకటి స్టీరింగు వెనకుండే మీటరు. రెండోది గోడ మీదుండే క్యాలెండరు. కారుతో ఇచ్చే పుస్తకంలో సర్వీసుల పట్టిక తీసి చూడండి. ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. మనం మొదటి సగమే చదువుతాం. 'ఇంకా పదివేలు కాలేదుగా, ఆయిల్ మార్చడమెందుకు' అని ఊరుకుంటాం. రోజూ తిరిగే కారుకు ఆ లెక్క సరిపోతుంది. నెలకోసారి కదిలే కారుకు మొదటి గడియారం దాదాపు ఆగిపోయినట్టే. నడుస్తున్నది రెండోదే.

ఉదాహరణకు టైమింగ్ బెల్టు. ఇంజిన్‌లో వాల్వులూ పిస్టన్లూ ఒకదాని లయకు ఒకటి కదిలేలా చూసే పళ్ల రబ్బరు బెల్టు ఇది. మొదటి తరం ఎంఎక్స్-5లో దీన్ని 60 వేల మైళ్లకు, అంటే దాదాపు 96 వేల కిలోమీటర్లకు మార్చాలన్నది లెక్క. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగే కారు ఆ అంకెను అందుకోవడానికి ఎన్నేళ్లు పడుతుంది? ముప్ఫై రెండేళ్లు! ముప్ఫై రెండేళ్లు వేడికీ చలికీ ఓర్చుకుని ఏ రబ్బరు బెల్టూ ఉండదు. అందుకే మీటరు జోలికి పోకుండా అయిదు నుంచి ఏడేళ్లకోసారి మార్పించేయడం తెలిసినవాళ్ల పద్ధతి. అదే చేత్తో నీటి పంపు కూడా మార్పిస్తే మళ్లీ అవన్నీ ఊడదీయక్కర్లేదు.

ఈ విషయంలో మొదటి తరం మియాటా యజమానులు అదృష్టవంతులే. బెల్టు తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది తప్ప వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకోవు. లోపల అంత జాగా ఉంచారు. అన్ని కార్లూ అలా కాదు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగిందంటే వాల్వులు వంకర పోతాయి. ఇక 1994లో వచ్చిన ఫెరారీ ఎఫ్355 సంగతి చెప్పాలంటే, బెల్టు మార్చాలంటే ఇంజిన్‌నే కిందికి దించాలి. 'పెద్దగా తిరగలేదు కాబట్టి బెల్టు మార్చలేదు' అని అమ్మేవాడు చెప్పిన ఫెరారీని కొన్నవాడి జేబు సంగతి మీరే ఊహించుకోండి.

టైరు మీద పుట్టినరోజు

డబ్బు పోతే పోయింది. ప్రాణం మీదికొచ్చేవి రెండున్నాయి. మొదటిది టైర్లు.

'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' సినిమాల హీరో పాల్ వాకర్ గుర్తున్నాడుగా! 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. నడిపింది అతని స్నేహితుడు. ఇద్దరూ పోయారు. కారు 2005 నాటి పోర్షె కరెరా జీటీ. అతివేగమే ప్రమాదానికి కారణమని పోలీసులు తేల్చారు. గంటకు 72 కిలోమీటర్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 130 నుంచి 150 కిలోమీటర్ల మధ్య వేగంతో వెళ్లారట. దాంతోపాటు మరో సంగతి కూడా దర్యాప్తులో బయటపడింది. ఆ కారు టైర్లకు తొమ్మిదేళ్లు. అంత పాత టైర్ల వల్ల కారు పట్టు మారిపోయి ఉండొచ్చన్నది దర్యాప్తు అధికారుల మాట. తప్పు వేగానిదే, కాదనలేం. కానీ తప్పు చేసిన క్షణంలో కాపాడాల్సింది టైరే కదా!

పాత టైరుతో చిక్కేమిటంటే అది చూడ్డానికి బాగుంటుంది. తిరగలేదు కాబట్టి గాడులు లోతుగానే ఉంటాయి. రబ్బరు మాత్రం ఎండకీ గాలికీ గట్టిపడిపోతుంది. రోడ్డును పట్టుకునే మెత్తదనం పోతుంది. పక్క గోడల మీద వెంట్రుక మందాన పగుళ్లొస్తాయి. కారును నెలల తరబడి ఒకేచోట ఉంచితే బరువు పడిన చోట టైరు చదునై, కదిలించగానే బండంతా దడదడలాడుతుంది.

మరి వయసు తెలిసేదెలా? టైరు పక్క గోడ మీద 'డాట్' అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూడే అంకెలున్నాయంటే అది 2000కు ముందు టైరు. ఇక ఆలోచించక్కర్లేదు, మార్చేయడమే. ఆరేళ్లకు మార్చమని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. ఎంత బాగా కనిపించినా పదేళ్లు దాటనివ్వొద్దని టైర్ల కంపెనీలు చెబుతాయి. వేగం కోసం చేసిన కారుకు ఆరేళ్ల లెక్కే మంచిది. డిక్కీలో ఉన్న స్టెప్నీ పుట్టినరోజు కూడా ఓసారి చూడండి. చాలాసార్లు కారుతో పాటు పుట్టింది అదే.

నీళ్లు తాగే బ్రేక్ ఆయిల్

రెండోది బ్రేకులు. కాలితో పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్లేది బ్రేక్ ఆయిల్. పేరుకు ఆయిలే కానీ నూనె కాదు. దీనికో గుణముంది. గాల్లోని చెమ్మను పీల్చుకుంటుంది. మూత బిగించే ఉన్నా, రబ్బరు గొట్టాల గుండా సైతం కొంచెం కొంచెం తేమ చేరుతూనే ఉంటుంది. కారు తిరిగిందా లేదా అన్నదాంతో దీనికి సంబంధం లేదు.

తేమ చేరితే ఏమవుతుంది? డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు దిగుతున్నట్టు ఊహించుకోండి. మలుపు మలుపుకీ బ్రేకే. డిస్కులు మండిపోతుంటాయి. ఆ వేడికి పాత ఆయిల్ మరిగి బుడగలొస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి ముందుకెళ్తుంది. బుడగను నొక్కితే అదే నలుగుతుంది. పెడల్ మెత్తగా కిందిదాకా వెళ్లిపోతుంది. బండి ఆగదు. మామూలు రోజుల్లో బాగానే పట్టిన బ్రేకు అసలు అవసరమైన రోజున మొండిచేయి చూపిస్తుంది.

దీనికి మందు చాలా తేలిక. రెండేళ్లకోసారి పాత ఆయిల్ పూర్తిగా తీయించి కొత్తది పోయించడమే. సీసా మూత తీసి ఎన్నాళ్లో అయిన ఆయిల్ వాడొద్దు. మియాటాలో క్లచ్ కూడా ఇలాంటి ఆయిల్‌తోనే పనిచేస్తుంది. నిలబడిపోయిన బండ్లలో గేర్‌బాక్సు పక్కనుండే చిన్న క్లచ్ సిలిండరు కారడం మామూలే. క్లచ్ పెడల్ ఒక్కసారిగా తేలిపోయిందంటే ముందు అక్కడే చూడాలి. ఆ రెండు ఆయిళ్లూ ఒకేసారి మార్పించుకుంటే సరి.

హ్యాండ్ బ్రేకు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. వారాల తరబడి బండి పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి ఉంచితే తుప్పుతో అది అలాగే బిగుసుకుపోవచ్చు. చదునైన నేల మీద పెట్టి, గేరులో వేసి, చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెడితే చాలు.

రెండు నిమిషాల స్టార్టింగ్ చేటు

'రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నానండీ. ఇంజిన్ బాగుంటుందని!' ఈ మాట మన వీధిలో ఎన్నిసార్లు విని ఉంటాం! ఉద్దేశం మంచిదే. ఫలితమే తిరగబడుతుంది.

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుందని తెలుసా? ఇంజిన్ బాగా వేడెక్కితే అదంతా ఆవిరై సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. రెండు నిమిషాల్లో ఆపేస్తే ఆ నీరు సైలెన్సర్‌లో నిలిచి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. కాలని పెట్రోలు కూడా దానికి తోడవుతుంది. నీరూ పెట్రోలూ కలిసిన ఆయిల్‌లో ఆమ్లాలు పుడతాయి. బేరింగులను అవి నెమ్మదిగా కొరికేస్తాయి. పైగా ఒక్కసారి స్టార్ట్ చేయడానికి బ్యాటరీలోంచి పోయిన శక్తి రెండు నిమిషాల్లో తిరిగి రాదు. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌చేసి ఉంచడమైతే మరీ ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మనిషి ప్రాణాలు తీస్తుంది.

చేయాల్సిందేమిటంటే, రెండు వారాలకోసారి బండిని రోడ్డెక్కించి అరగంట సేపు నడపాలి. మీటరులో వేడి ముల్లు మధ్యకొచ్చినంత మాత్రాన సరిపోదు. ఆ ముల్లు చెప్పేది నీటి వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఇక ఆయిల్, ఫిల్టరు ఏడాదికోసారి మార్చాల్సిందే. వెయ్యి కిలోమీటర్లే తిరిగినా సరే. శీతకాలానికి బండిని పడుకోబెట్టే ఊళ్లలో ఆ ముందే మార్చేస్తారు. మురికి ఆయిల్‌తో నాలుగు నెలలు నిద్రపోనివ్వడం ఎందుకని.

పాత మియాటా స్టార్ట్ చేయగానే బానెట్ కింద 'టిక్ టిక్ టిక్' అని చప్పుడొస్తే కంగారుపడకండి. వాల్వుల సందును ఆయిల్ ఒత్తిడితో సర్దే చిన్న భాగాలుంటాయి అందులో. చాలాకాలం నిలబడితే వాటిలోంచి ఆయిల్ దిగిపోతుంది. వేడెక్కాక సర్దుకుంటే బెంగ లేదు. సర్దుకోకపోతే ఆయిల్ మార్చే వేళయిందన్నమాట.

రేడియేటర్ రంగు చూడండి

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌కూ వయసుంది. రంగు నీళ్లలా కనిపించే అందులో లోహాన్ని తుప్పు నుంచి కాపాడే మందులుంటాయి. కాలంతో పాటు ఆ మందుల బలం తగ్గిపోతుంది. పాత రకం ఆకుపచ్చ కూలెంట్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త రకాలు అయిదేళ్ల దాకా వస్తాయి. రెండిటినీ కలపకూడదు. కుళాయి నీళ్లు అసలే పోయకూడదు. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, బకెట్టుకే తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి.

మియాటా యజమానులకు ఓ చిట్కా బాగా తెలుసు. దాని రేడియేటర్ పై భాగం నల్లటి ప్లాస్టిక్. ఆ నలుపు కాస్తా గోధుమ రంగులోకి తిరిగిందంటే ప్లాస్టిక్ పెళుసెక్కి పగలడానికి సిద్ధంగా ఉందని గుర్తు. రోడ్డు మధ్యలో ఆవిర్లు కక్కకముందే మార్చేస్తారు. గొట్టాలు కూడా అంతే. నొక్కితే చపాతీ పిండిలా మెత్తగా ఉన్నా, ఎండిన కొమ్మలా కరకరమన్నా రోజులు దగ్గరపడ్డట్టే. ఇంజిన్ వెనకవైపు, చేయి దూరని చోట ఉండే హీటరు గొట్టాల్నే అందరూ మర్చిపోతారు. ముందు కారేదీ అవే.

పెట్రోలుకూ ముసలితనం

ట్యాంకులో ఆర్నెల్లు నిలవున్న పెట్రోలు పెట్రోలు కాదు. అందులో తేలిగ్గా మండే అంశం ఆవిరైపోతుంది. మిగిలింది జిగురుగా మారి ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాలకు అడ్డుపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాల్లోని తేమను కూడా పీల్చుకుంటుంది. అమెరికాలో చాలా బంకుల్లో 10 శాతం ఇథనాల్ కలుస్తుంది. మన దేశంలో ఆ వాటా 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఆ మోతాదును ఉద్దేశించి చేయని పాత రబ్బరు గొట్టాలు దానివల్ల త్వరగా పాడవుతాయి. కాబట్టి పాత కారులో పెట్రోలు గొట్టాల్ని ఏడాదికోసారి తడిమి చూడాలి. పెట్రోలు వాసన వచ్చిందంటే 'చూద్దాంలే' అనకూడదు. నిప్పుతో చెలగాటం అది.

నెలల తరబడి బండి పెట్టేయాల్సి వస్తే ట్యాంకు నిండా పోయించాలి. ఖాళీ జాగా ఉంటే అక్కడ తేమ చేరుతుంది. పెట్రోలు చెడకుండా ఉంచే మందు దొరుకుతుంది. అది కలిపాక పది నిమిషాలు బండి నడిపితే ఇంజెక్టర్ల దాకా చేరుతుంది.

బ్యాటరీ కూడా ఊరికే కూర్చుంటే దిగిపోతుంది. పూర్తిగా చార్జయిన బ్యాటరీలో 12.6 వోల్టులుంటాయి. 12.4 కన్నా తగ్గి ఎక్కువకాలం ఉంటే లోపలి పలకల మీద గట్టి పొర కడుతుంది. ఇక ఎంత చార్జ్ చేసినా పూర్వంలా పట్టదు. గోడ ప్లగ్గుకు తగిలించి నింపాదిగా చార్జ్ చేసే చిన్న పరికరం కొంటే ఆ బెడద తీరుతుంది. మియాటాలో ఇంకో సంగతుంది. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అందుకే ఆవిర్లు బయటికి పంపే గొట్టమున్న రకమో, మూసి ఉండే రకమో పెట్టాలి. చవగ్గా వచ్చిందని మామూలు బ్యాటరీ పెడితే ఆ ఆవిర్లకు డిక్కీ రేకంతా తుప్పుపడుతుంది.

చీపురుపుల్లంత పని

ఇంత పెద్ద కారును మట్టికరిపించే అతి చిన్న కారణం ఏమిటో తెలుసా? రాలిన ఆకులు!

గుడ్డ టాపు మీద పడిన వాననీరు సీట్ల వెనక ఉండే రెండు సన్నటి తూముల గుండా కిందికి పోతుంది. చెట్టుకింద పెట్టిన కారులో ఆకులూ దుమ్మూ చేరి ఆ తూములు మూసుకుపోతాయి. నీళ్లు దారి మార్చుకుని కార్పెట్ కిందికి, తలుపుల కింద ఉండే బోలు రేకుల్లోకి చేరతాయి. అక్కడ ఎండ తగలదు, గాలి ఆడదు. వెనక చక్రాల ముందు భాగంలో రేకు లోపల్నుంచి తినేసుకుపోతుంది. బయట రంగు బుడగలా ఉబ్బిందంటే లోపల అప్పటికే జల్లెడైపోయి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు మెత్తటి తీగతోనో ప్లాస్టిక్ పుల్లతోనో ఆ తూములు శుభ్రం చేసుకుంటే లక్షల ఖర్చు తప్పుతుంది. మన మేడ మీద వానాకాలానికి ముందు తూములు తీయించుకోమూ? ఇదీ అంతే.

ముసుగు కూడా ఆలోచించి వేయాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే చెమ్మ లోపలే బందీ అవుతుంది. గాలి ఆడే గుడ్డ కవరే మేలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో మరీ జాగ్రత్త. అన్నట్టు, షెడ్డులో నిలబడిన కారంటే ఎలుకలకు ఏసీ గది కిందే లెక్క. ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి గూడు కట్టాయేమో చూశాకే తాళం తిప్పండి.

క్యాలెండరు మీద రాసుకోండి

రెండు వారాలకు: అరగంట ప్రయాణం. టైర్లలో గాలి.

ఆర్నెల్లకు: తూముల శుభ్రం. గొట్టాలు, బెల్టులు తడిమి చూడటం. బ్యాటరీ వోల్టులు.

ఏడాదికి: ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు. బ్రేకులు విప్పి తుడిపించడం.

రెండేళ్లకు: బ్రేక్, క్లచ్ ఆయిళ్లు. ఆకుపచ్చ రకమైతే కూలెంట్.

అయిదు నుంచి ఏడేళ్లకు: టైమింగ్ బెల్టు, రబ్బరు గొట్టాలు. ఆరేళ్లకు టైర్లు.

పాత కారు కొనేవాళ్లు అమ్మేవారిని అడగాల్సింది కూడా ఈ పట్టికే. 'ఎంత తిరిగింది' అని కాదు, 'ఇవన్నీ ఎప్పుడు మార్చారు, బిల్లులేవి' అని. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, ఏటా బిల్లులున్న కారు ఒకటి. ముప్ఫై వేలే తిరిగి, పదేళ్లుగా బానెట్ ఎత్తని కారు ఇంకొకటి. రెండిట్లో ఏది తీసుకోమంటారని మెకానిక్‌ను అడగండి. ఎక్కువమంది మొదటిదే చూపిస్తారు. రెండోది కొనాలనే ఉంటే బెల్టు, టైర్లు, గొట్టాలు, ఆయిళ్లు అన్నీ మార్చడానికయ్యే ఖర్చు ధరలో తగ్గించుకుని కొనాలి.

దాచుకోవడం వేరు, చూసుకోవడం వేరు

మజ్దా వాళ్లు 2017లో ఓ ప్రకటన చేశారు. మొదటి తరం రోడ్‌స్టర్‌ను తెచ్చిస్తే జపాన్‌లో తామే మళ్లీ కొత్తదానిలా చేసిస్తామని. ఎప్పుడో ఆగిపోయిన విడిభాగాల్ని మళ్లీ తయారుచేయించారు. గుడ్డ టాపు, చెక్క స్టీరింగు, చివరికి అప్పటి రకం టైర్లు కూడా. ఒక కంపెనీ పాతికేళ్ల నాటి చిన్న కారు కోసం ఇంత చేసిందంటే, దాన్ని నడిపేవాళ్లు ఇంకా ఉన్నారనే కదా!

ఆ కారును తీర్చిదిద్దినవాళ్లు ఒక జపాన్ మాటను మంత్రంలా పట్టుకున్నారు. 'జిన్‌బా ఇట్టాయ్'. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్లుగా మెలగడమని అర్థం. గుర్రాన్ని శాలలో కట్టేసి, రోజూ ఒళ్లు తుడిచి, మంచి దాణా వేసి, బయటికే వదలకపోతే ఏమవుతుంది? కాళ్లు పట్టేస్తాయి. అది ప్రేమే కావచ్చు. గుర్రానికి మాత్రం పనికిరాని ప్రేమ.

ఇంట్లో అపురూపమైన వస్తువుల్ని మనం బీరువాలో పెట్టి దాచుకుంటాం. పట్టుచీరైనా అప్పుడప్పుడూ తీసి మడత మార్చకపోతే మడత దగ్గరే చిరుగుతుందని అమ్మమ్మలకు తెలుసు. కారు కూడా అంతే. మడత మార్చాలి.

ఎలాగూ ఈరోజు ఆదివారమే. పేపరు చదవడం అయిపోయాక ఓసారి షెడ్డు తలుపు తీయండి. ముందు టైరు మీది నాలుగంకెలు చదవండి. బ్రేకు తొక్కి చూడండి. అంతా బాగుందనుకుంటే పిల్లల్ని ఎక్కించుకుని అరగంట తిరిగి రండి. బాగాలేదనిపిస్తే మెకానిక్‌కు కబురు పెట్టండి. ఎటొచ్చీ, ముసుగు మాత్రం ఇవాళ తీయాల్సిందే!